తప్పు ఒడ్డుదా, పడవదా?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చినవాడు పడవల గురించి వ్రాయటమేమిటని యీ శీర్షిక చూసి నవ్వే మిత్రులు కొందరుంటారు. నవ్వండి. మా వైపు పడవ అంటే తుంగభద్రలో తిరిగే పుట్టి. దానికి ఇంజను లేదు, బ్యాటరీ లేదు. తెడ్డు వేసే మనిషి రెక్కలే దాని కరెంటు. అయినా నేను పడవ నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే మా చిన్నాయన మోటారు నలభై రోజుల్లో రెండుసార్లు ఎందుకు కాలిపోయిందో వెతికే దారి నాకు దొరికింది మా పొలంలో కాదు, మన ఫిజిక్సు లేబొరేటరీలో అంతకన్నా కాదు. విశాఖపట్నం సముద్రపు ఒడ్డున, ఒక పడవ లోపల.

ఎక్స్‌కర్షన్‌కు వెళ్ళినవాళ్ళకు గుర్తుండే వుంటుంది. రామకృష్ణా బీచిలో ఇసుక మీద నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా వున్నది. 91 మీటర్ల పొడవు. జలాంతర్గామిని నౌకాదళం వాళ్ళు ఓడ అనరట, బోటు అనే అంటారట. మనవాళ్ళంతా టార్పెడో గొట్టాల దగ్గర ఫోటోలు తీసుకుంటూ వుంటే నాకు ఒక పిచ్చి ప్రశ్న తట్టింది. ఇంజన్లు ఆగిపోయి ఇన్నేళ్ళయింది కదా, యీ లైట్లకు కరెంటు యెక్కడిది?

లోపల మాకు వివరించిన పెద్దాయన నౌకాదళంలో పనిచేసి రిటైరయినవారు. నవ్వి, "ఒడ్డుదే బాబూ. ఇప్పుడే కాదు, రేవులో కట్టేసినప్పుడల్లా మా కరెంటు మాది కాదు. ఒడ్డు నుంచి లావుపాటి కేబులు వస్తుంది. సముద్రంలో వుంటే డీజిలు ఇంజను, నీళ్ళ కింద వుంటే బ్యాటరీలు, రేవులో వుంటే ఒడ్డు" అన్నారు. మరి లైటు ఆరిపోతే యేం చేసేవారని అడిగాను. "ముందు తేల్చుకోవలసింది ఒక్కటే. తప్పు ఒడ్డుదా, పడవదా? కేబులు తీసేసి మా బ్యాటరీ మీద పెట్టి చూస్తాం. వెలిగితే తప్పు ఒడ్డుది. వెలక్కపోతే మాది. అది తేలకుండా స్క్రూడ్రైవరు పట్టుకున్నవాణ్ణి మా చీఫ్ తిట్టేవాడు" అన్నారు.

ఆ మాట విని నేను అక్కడే నిలబడిపోయాను. అంతవరకు మా ఊళ్ళో మోటారు కాలిన ప్రతిసారీ జరిగిన రగడంతా కళ్ళముందు తిరిగింది. మా పొలంలో మోటారు కూడా రేవులో కట్టేసిన పడవే కదా! దాని కరెంటు దానిది కాదు. యెక్కడో 300 మీటర్ల దూరంలో వున్న ట్రాన్స్‌ఫార్మరు దానికి ఒడ్డు. సర్వీసు వైరు దాని కేబులు. తేడా యేమిటంటే పడవకు రెండో దిక్కు వుంది, మోటారుకు లేదు. కేబులు పీకి బ్యాటరీ మీద పెట్టి చూసే వీలు రైతుకు లేదు. కనుక మా ఊళ్ళో యీ ప్రశ్నను ఎవరి నోరు పెద్దదైతే వాళ్ళు తేలుస్తారు.

మా చిన్నాయన పొలం కౌతాళం వైపు, తుంగభద్ర ఒడ్డున. 5 హార్స్‌పవరు మోనోబ్లాకు మోటారు. యేరు తగ్గితే మోటారు కిందికి దిగుతుంది, నీళ్ళు వస్తే పైకెక్కుతుంది, దానితోపాటే వైరూ నడుస్తుంది. మిరప పూత మీద వుండగా మొదటిసారి మోటారు కాలింది. ఆదోనికి తీసుకుపోయి వైండింగు చుట్టించుకొని వచ్చాడు. నాలుగున్నర వేలు. తెచ్చి బిగించిన ఇరవయ్యో రోజున మళ్ళీ వాసన. మెకానిక్కు చెప్పింది, "నా వైండింగులో తప్పేమీ లేదన్నా, లో వోల్టేజి." లైనుమన్ను పిలిస్తే మూడు ఫ్యూజుల దగ్గరా టెస్టరు పెట్టి చూపించాడు. "మూడు ఫేజులూ ఎలుగుతాండాయి. మావైపు ఏమీ లేదు, మీ మోటారే సరిగ్గా లేదు" అని వెళ్ళిపోయాడు. పక్క చేనాయన స్టార్టరు కంపెనీని తిట్టాడు. మా అవ్వ మాత్రం యెవరినీ తిట్టకుండా మోటారుకు నిమ్మకాయ కట్టింది. ఖర్చు లెక్కన చూస్తే అందరికన్నా చవకైన సలహా ఆమెదే.

నేను సెలవుల్లో ఇంటికి పోయేసరికి చిన్నాయన నన్ను పట్టుకున్నాడు. "ఏమిరా, కాలేజీలో కరెంటు సదువుతాండావంట గదా. ఇది ఎందుకు కాలిపాయెనో జెప్పు సూద్దాం."

చెప్పలేకపోయాను. సోనోమీటరుతో ఎ.సి. ఫ్రీక్వెన్సీ కనుక్కున్నవాణ్ణి నేను. నాకు 49.6 వచ్చింది, రికార్డులో సంతకం కూడా పడింది. ఎల్.సి.ఆర్. రెజొనెన్సు గ్రాఫు గీసినవాణ్ణి. కేరీ ఫాస్టర్ బ్రిడ్జితో ఓములో వందో వంతు నిరోధాన్ని కొలిచినవాణ్ణి. అంత చిన్న నిరోధం ఈ లోకంలో ఎవరికి కావాలి అని అప్పుడు అనుకున్నాను. ఎవరికి కావాలో మా చిన్నాయన వైరు నాకు చూపించింది.

ఆదోని జిన్నింగు మిల్లులో కరెంటు పనిచేసే ఒక అన్న నాకు తెలుసు. ఆయనను బతిమాలి క్లాంప్ మీటరు తెచ్చాను. వైరును కోయకుండా, విప్పకుండా, చుట్టూ దవడలా పట్టించి అందులో పోయే ఆంపియర్లు చూపే మీటరు అది. మోటారు రెండోసారి చుట్టించి వచ్చిన రోజున స్టార్టరు దగ్గర కూర్చున్నాను. 5 హార్స్‌పవరు మోటారు నిండు లోడు మీద ఒక్కో ఫేజులో సుమారు 7½ ఆంపియర్లు తీసుకోవాలి. నేను చూసినప్పుడు ఒకదాంట్లో 9, ఒకదాంట్లో 8½, మూడోదాంట్లో 4. పావుగంట గడిచింది. మోటారు గొంతు మారింది. అంతవరకు ఒకే శ్రుతిలో పోతున్నది గుర్రుమనటం మొదలుపెట్టింది. మీటరు పెడితే 13, 13, సున్నా! చిన్నాయన టెస్టరు తీసి స్టార్టరులో పెడితే మూడు ఫేజులూ చక్కగా వెలుగుతూ వున్నాయి.

మిత్రులారా, ఇక్కడే అసలు విషయం వుంది. లైనుమన్ అబద్ధం చెప్పలేదు. టెస్టరే చెప్పింది. తిరుగుతున్న త్రీ ఫేజు మోటారుకు ఒక ఫేజు పోతే అది వెంటనే ఆగదు. మిగిలిన రెండింటి మీద కుంటుకుంటూ తిరుగుతుంది. తిరుగుతున్నంతసేపూ తానే ఒక జనరేటరులాగ ఆ పోయిన ఫేజులో వోల్టేజి పుట్టిస్తుంది. టెస్టరులోని నియాను దీపానికి కావలసిన కరెంటు ఆంపియరులో లక్షో వంతు కూడా అక్కరలేదు. అది వెలుగుతుంది. పోయిన ఫేజు వున్నట్టు కనబడుతుంది. ఆ మిగిలిన రెండు వైండింగుల్లో మాత్రం కరెంటు 1.73 రెట్లు అవుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక మూడు రెట్లు. వైండింగు మీది వార్నీషు ఎంతసేపు ఆగుతుంది?

అయితే ఫేజు యెక్కడ పోయింది? ఒడ్డునా, పడవలోనా? మోటారు ఆపి, ట్రాన్స్‌ఫార్మరు నుంచి మన వైరు మొదలయ్యే చోట చూస్తే మూడూ వున్నాయి. స్టార్టరు దగ్గర చూసినా, విచిత్రం, మూడూ వున్నాయి! 100 వాట్ల దీపాలు రెండు సిరీసులో కట్టి ఫేజుకూ ఫేజుకూ మధ్య పెట్టినా వెలిగాయి. నాకు మతి పోయింది. అప్పుడు గుర్తొచ్చింది కేరీ ఫాస్టర్ బ్రిడ్జి. దీపం తీసుకునేది అర ఆంపియరు కూడా కాదు. దారిలో ఎక్కడో ఒక ఓము నిరోధం వున్నా దీపం ముందు పోయేది అర వోల్టు. దీపానికి తెలియదు. మోటారు ఎత్తుకునేటప్పుడు అడిగేది ఆరింతలు, అంటే 45 ఆంపియర్లు. అప్పుడు అదే ఒక ఓము దగ్గర 45 వోల్టులు మింగుడు పడిపోతాయి. తిరుగుతూ వున్నప్పుడు 7½ ఆంపియర్లకు ఆ ఒక్క చోట 56 వాట్ల వేడి. శనగ గింజంత చోటులో 56 వాట్లు! రేడియో రిపేరువాడి సోల్డరింగ్ ఐరన్ అది. వేడికి వదులవుతుంది, వదులైతే నిరోధం పెరుగుతుంది, పెరిగితే ఇంకా వేడి. చివరికి తెగుతుంది. మోటారు ఆపగానే చల్లబడి మళ్ళీ అంటుకుంటుంది. మనం పోయి చూసేసరికి అంతా సవ్యంగా వుంటుంది.

లైను ఆపించి వైరు పొడుగునా నడిచాము. సగం దూరంలో, వేపచెట్టు కొమ్మకు వేలాడుతూ, నల్లటేపు చుట్టిన ఒక జాయింటు. టేపు విప్పితే లోపల అల్యూమినియం వైరుకు రాగి వైరు మెలిపెట్టి వుంది. తెల్లటి బూడిద. ఆ జాయింటు వేసింది ఎవరో కాదు, మా నాయనే. యేరు పొంగిన సంవత్సరం వైరు చాలక ఇంట్లో వున్న రాగి ముక్క అతికించాడట. అల్యూమినియానికి రాగిని నేరుగా కలిపితే తడి తగిలినప్పుడల్లా తుప్పు పట్టి మధ్యలో ఆక్సైడు పొర కడుతుందని నేను ఇంటర్మీడియట్ కెమిస్ట్రీలోనే చదివాను. ఎలక్ట్రోకెమికల్ సీరీసు. మార్కుల ప్రశ్న.

అంటే తప్పు ఒడ్డుది కాదు, పడవదే. రెండుసార్లు లైనుమన్‌ను, మెకానిక్కును నోటికొచ్చినట్టు తిట్టిన మేమే దోషులం. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఫేజు పోయినా మోటారు కాలకుండా ఆపటానికి స్టార్టరులో ఓవర్‌లోడు రిలే వుంటుంది. మాటిమాటికీ పడిపోతోందని చిన్నాయన దాని ముల్లును 7½ దగ్గర నుంచి చివరికంటా తిప్పేశాడు. పక్క చేలో అయితే బటనుకు పుల్ల దోపి వుంటుంది. కాపలా కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేసినట్టు. ఆ పుల్లలు పీకితే మా ఊరి మోటార్లు సగం కాలవు.

ఇంతటితో వ్యాసం ముగిస్తే ఆఫీసుల వారికి చాలా సంతోషంగా వుంటుంది. కాని కథ అక్కడ ఆగలేదు. జాయింటు తీసేసి కొత్త వైరు వేసిన తరువాత ఉదయం ఆరుకు వోల్టేజి చూస్తే 405. పది గంటలకు, చుట్టూ మోటార్లన్నీ ఎత్తుకున్నాక చూస్తే 340! 415 వుండవలసిన చోట 340. 1956 నాటి విద్యుత్ నియమాల్లోనే వోల్టేజి 6 శాతానికి మించి అటూ ఇటూ పోరాదని వ్రాసి వుండేది. ఇది 18 శాతం తక్కువ. మోటారు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి వుంటుంది. 18 శాతం వోల్టేజి తగ్గితే మూడో వంతు బలం పోతుంది. నీళ్ళు ఎత్తే బరువు మాత్రం తగ్గదు కదా, కనుక ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. మంచి మోటారు కూడా ముసలిదవుతుంది. ఇది ఒడ్డు తప్పు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద దాని శక్తికి మించి మోటార్లు తగిలించటం, చివరన వున్నవాడికి మిగిలింది పెట్టటం. మా ప్రాంతానికి 'చివర' అంటే యేమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. తుంగభద్ర దిగువ కాలువకూ ఆదోని, ఎమ్మిగనూరు పొలాలు చివరే. నీళ్ళకూ చివరే, కరెంటుకూ చివరే.

కాబట్టి నా వాదం యిది. మా వైపు మోటారు కాలినప్పుడు రైతు 'ఒడ్డుదే తప్పు' అంటాడు, ఒడ్డు మీదివాళ్ళు 'పడవదే తప్పు' అంటారు, ఇద్దరి దగ్గరా కొలత లేదు. కొలత లేనిచోట తగువు వుంటుంది, రిపేరు వుండదు. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితమయింది. మంచిదే, అది లేకపోతే మా ఇంట్లో నేను కాలేజికి వచ్చేవాణ్ణి కాదు. కాని ఉచితం అన్న మాట ఒకటి జతచేసింది. డబ్బు కట్టనివాడు వోల్టేజి గురించి అడగరాదు అన్నట్టు మాట్లాడేవాళ్ళున్నారు. కరెంటు ఉచితమేమో గాని, వైండింగు ఉచితం కాదు. ఒక పంటలో మూడుసార్లు చుట్టిస్తే పదమూడున్నర వేలు.

డబ్బు సంగతి అలా వుంచండి. ప్రాణం సంగతి చెప్పాలి.

రేవులో కట్టిన పడవల విషయం తరువాత కొంత చదివాను. ఇనుప పడవకు ఒడ్డు కేబులులో ఫేజు, న్యూట్రలుతోపాటు ఎర్తు వైరు కూడా వస్తుంది. ఆ ఎర్తు వైరు పక్క పడవలనూ, రేవునూ, మన పడవనూ కలిపి నీళ్ళలో ఒక పెద్ద బ్యాటరీ చేసేస్తుంది. దానివల్ల పడవ అడుగున తుప్పుకు బలిగా కట్టిన జింకు దిమ్మలు త్వరగా కరిగిపోతాయి. అందుకని కొందరు తెలివైన యజమానులు ఎర్తు వైరును కత్తిరించేస్తారట! జింకు మిగులుతుంది. ఒకరోజు లోపల ఇన్సులేషను చెడి ఫేజు పడవ ఒంటికి తగులుతుంది. ఎర్తు లేదు కనుక ఫ్యూజు పోదు. పడవ చుట్టూ నీళ్ళలో కరెంటు వ్యాపిస్తుంది. పక్కన ఈదేవాడు కేక కూడా పెట్టకుండా మునుగుతాడు. ఇది ఉప్పునీటి కన్నా మంచినీటిలోనే ఎక్కువ ప్రమాదం. ఉప్పునీళ్ళు మనిషి ఒంటికన్నా బాగా కరెంటును మోస్తాయి కనుక కరెంటు మనిషిని వదిలి చుట్టూ పోతుంది. మంచినీళ్ళలో మనిషి ఒళ్ళే సులువైన దారి.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మంచినీళ్ళు, ఒడ్డున మోటారు, ఎర్తు లేని వైరు, నీళ్ళలో పిల్లలు. ఇది విదేశపు రేవు కాదు, మా యేటి గడ్డ! వేసవిలో మోటార్ల పక్కనే పిల్లలు దూకి ఈదుతారు. ఆడవాళ్ళు పైపు దగ్గర గుడ్డలుతుకుతారు. బావిలో మోటారు దింపిన చోట్ల మరీ అన్యాయం, చుట్టూ రాతికట్టడం, పారిపోయే దారే లేదు. మన దేశంలో కరెంటు తగిలి చనిపోయేవారు ఏటా 10,000 మందికి పైగానే వుంటున్నారు. వారిలో మోటారు దగ్గర తడికాళ్ళతో నిలబడ్డ రైతులెందరో పల్లెల్లో పెరిగిన ప్రతివాడికీ తెలుసు.

'మాకు ఎర్తింగు వుంది' అంటారు కొందరు. చూద్దాం. మోటారు పక్కన రెండడుగుల ఇనుపచువ్వ దిగ్గొట్టి దానికి ఒక తీగ చుట్టి వుంటుంది. రేగడి నేల వానకాలంలో తడిగా వుండి కరెంటును బాగానే తీసుకుంటుంది. ఎండాకాలం నెర్రెలిచ్చి చువ్వ చుట్టూ చెయ్యి పట్టేంత సందు. చాలా దయతో లెక్కగట్టి ఆ ఎర్తు నిరోధం 20 ఓములు అనుకుందాం. మోటారు ఒంటికి ఫేజు తగిలితే 240 వోల్టులకు ఎర్తులోకి పోయేది 12 ఆంపియర్లు. డబ్బాలో వున్న ఫ్యూజు 20 ఆంపియర్లది. పోదు! ఎర్తింగు వున్నా, ఫ్యూజు వున్నా, మోటారు ఒళ్ళంతా కరెంటు అలాగే నిలిచివుంటుంది. తడికాళ్ళ మనిషి ఒంటి నిరోధం 1000 ఓములు వేసుకుంటే అతనిలోంచి పోయేది 240 మిల్లీ ఆంపియర్లు. గుండె గతి తప్పించటానికి అందులో చాలా తక్కువ చాలు. మరి దీనికి మందు లేదా? వుంది. వెళ్ళిన కరెంటూ తిరిగివచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే, 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే రెప్పపాటులో కట్టేసే స్విచ్చి వుంది. ఆర్.సి.సి.బి. అంటారు. ఇళ్ళలో పెట్టుకుంటున్నారు. దీనితో 20 ఓముల ఎర్తు కూడా చక్కగా పనికొస్తుంది. స్టార్టరు డబ్బాతో పాటు యిది తప్పనిసరిగా యివ్వాలని, రైతు చేత కొనిపించకుండా కనెక్షనుతోనే బిగించాలని నేనంటాను. ప్రాణం పోయాక యిచ్చే నష్టపరిహారంలో ఎన్ని డబ్బాలు వస్తాయో లెక్క వేయమనండి.

ఇక మన సంగతి. మనం బి.యస్సీ. చదివే రైతుబిడ్డలం యీ కాలేజిలో తక్కువమందిమి కాదు. మూడేళ్ళు కరెంటు గురించి చదివి, ఇంటికి పోయి స్టార్టరు డబ్బా ముందు చేతులు కట్టుకొని నిలబడుతున్నాము. సిలబసు మార్చమని ఊరేగింపు తీయమనటం లేదు. వున్న సిలబసులోనే వున్నాయన్నీ. కేరీ ఫాస్టర్ బ్రిడ్జి మీద రెండు ప్రామాణిక నిరోధాలు కొలిచేబదులు ఒక పాత అల్యూమినియం రాగి జాయింటు పెట్టి కొలవనివ్వండి. ఒక చిన్న త్రీ ఫేజు మోటారు పెట్టి ఒక ఫ్యూజు తీసి, టెస్టరు ఎలా అబద్ధమాడుతుందో చూపించండి. ఇప్పుడు టెస్టు లాంపులకు అందరూ ఎల్.ఇ.డి. దీపాలు వాడుతున్నారు. సగం వోల్టేజికి కూడా వాటిలో చాలా రకాలు నిండుగా వెలుగుతాయి. పాత ఫిలమెంటు దీపమయితే ఎర్రబడి నిజం చెప్పేది. ఇది నేను ఒక లెక్చరరు గారితో అంటే "పరీక్షలో రాదు కదా" అన్నారు. నిజమే, పరీక్షలో రాదు.

యూనియను వారికి నా కోరిక ఒకటే. ఆటల పోటీలకు, యీ సంచికకు అయ్యే ఖర్చులో కొంత మిగిల్చి ఒక క్లాంప్ మీటరు, ఒక 500 వోల్టుల మెగ్గరు కొనండి. మెగ్గరుతో మోటారు ఇన్సులేషను ముందుగానే చూడవచ్చు. ఒక మెగోముకు తగ్గితే ఆ మోటారును నీళ్ళ దగ్గర పెట్టరాదు. ఆదివారాలు ఇద్దరిద్దరం, అబ్బాయిలైనా అమ్మాయిలైనా, కోసిగి, కౌతాళం, నందవరం, గోనెగండ్ల వైపు మన ఊళ్ళకే పోదాం. మోటారు ఆపి వోల్టేజి, నడిపి వోల్టేజి, మూడు ఫేజుల్లో మూడు ఆంపియర్లు, ఉదయం ఒకసారి, పదింటికి ఒకసారి. కాగితం మీద వ్రాసి తేదీ వేసి రైతు చేతికి యిద్దాం. పడవ తప్పయితే అతను సరిచేసుకుంటాడు. ఒడ్డు తప్పయితే ఆ కాగితం పట్టుకొని ఆఫీసుకు పోతాడు. "లో వోల్టేజి సార్" అనటానికీ "పది గంటలకు 340 సార్" అనటానికీ కుర్చీలోని మనిషి ముఖంలో తేడా వుంటుంది, నేను చూశాను. ఒక్క జాగ్రత్త. ట్రాన్స్‌ఫార్మరు గద్దె ఎక్కటం, ఎ.బి. స్విచ్చి దించి ఫ్యూజు వేయటం మన పని కాదు, రైతు పని కూడా కాదు. మన డబ్బా వరకే మన హద్దు. ఆ హద్దు దాటి పోయినవాళ్ళను ప్రతి ఊరూ పోగొట్టుకుంది.

చిన్నాయన మిరప కొంత ఎండిపోయింది గాని తోట మొత్తం పోలేదు. ఓవర్‌లోడు ముల్లు మళ్ళీ 7½ దగ్గరకు వచ్చింది. అవ్వ కట్టిన నిమ్మకాయ విప్పలేదు, దానివల్ల నిరోధమేమీ పెరగదు. జిన్నింగు మిల్లు అన్న దగ్గర వారం రోజులకని తెచ్చిన క్లాంప్ మీటరు మాత్రం యింకా మా ఊళ్ళోనే చేను చేనుకూ తిరుగుతోంది. ఆయన రెండుసార్లు ఫోను చేశాడు. యూనియను వారు కాస్త త్వరగా తేల్చితే నా మాట దక్కుతుంది.